ఐదేళ్ళ కాపురానికి జర్మన్ నేర్చుకోవాలా?

పాలకొల్లు దగ్గర పుట్టింట్లో ఉన్న 28 ఏళ్ళ యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు.

భర్త నాలుగేళ్ళుగా దక్షిణ జర్మనీలో ఒక నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, బ్లూ కార్డు మీద, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి మీద. పాపకు ఏడాది నిండాక ఈమె వెళ్ళి పదమూడు నెలలు ఉన్నారు. నెల క్రితం నాన్నగారి మోకాలి ఆపరేషనుకని వచ్చారు. సంక్రాంతి వెళ్ళాక తిరుగు ప్రయాణం, ఇంకా నాలుగు నెలల గడువుంది. వెళ్ళగానే పాప అక్కడి పిల్లల బడిలో చేరాలి. దాన్ని ‘కీటా’ అంటారు. సీటు ఖాయమైంది.

‘పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. డిగ్రీ భీమవరంలో. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే గొంతు పెగలదు’ అని రాశారు. జర్మన్ నేర్చుకుంటానంటే భర్త ఒప్పుకోవడం లేదు. ‘ఆఫీసులో నాకే అక్కర్లేదు, నీకెందుకు? మనం ఉండేది ఇంకో ఐదేళ్ళు. నాలుగు రాళ్ళు వెనకేసుకుని భీమవరంలో ఇల్లు కట్టుకుని వచ్చేద్దాం. ముందు ఇంగ్లీషు సరిగ్గా నేర్చుకో’ అంటారు. ఆ నగరంలో ఓ నలభై తెలుగు కుటుంబాలున్నాయి. ఆరేళ్ళుగా ఉన్నవాళ్ళు కూడా ‘హలో, డాంకె (థాంక్స్) వస్తే చాలమ్మా’ అని నవ్వుతారు. అత్తగారిది ఇంకో మాట: ‘పసిపిల్లని పెట్టుకుని ఇప్పుడు చదువులేంటి?’

ఈలోగా ఒకటి జరిగింది. పాపకు జ్వరం వస్తే ఫోనులో తంటాలు పడి పిల్లల డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు. తీరా వెళ్తే గంట ఆలస్యంగా వచ్చారన్నారు. కౌంటరు దగ్గరావిడ ఏదో అంది. ‘జర్మనీలో ఉంటే జర్మన్ మాట్లాడాలి’ అందని పక్కనున్నవాళ్ళు ఇంగ్లీషులో చెబితే తెలిసింది. పాపను ఎత్తుకుని బస్సులో ఏడుస్తూ ఇంటికి వచ్చారు.

ఉత్తరం చివర ఇలా ఉంది: ‘మా నాన్న రొయ్యల చెరువు మీద ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలున్నారు. వచ్చి రెండేళ్ళు కాలేదు, ఆవిడ కిరాణా కొట్లో తెలుగులో బేరమాడుతోంది. నాకెందుకు చేతకాలేదు? నేర్చుకుంటే మా ఆయన మాట కాదన్నట్టేనా? పాప జర్మన్‌లో పడితే తెలుగు పోతుందా?’

సమాధానం:

అమ్మా, ముందు ఆ గంట ఆలస్యం సంగతి తేల్చేద్దాం. అది మీ తెలివితక్కువతనం అనుకుని ఇప్పటికీ మోస్తున్నట్టున్నారు. జర్మన్‌లో రెండున్నరను ‘హాల్ప్ డ్రై’ అంటారు. డ్రై అంటే మూడు. మూడో గంటలో సగం గడిచిందని వాళ్ళ లెక్క. మూడు అన్న మాట చెవిన పడగానే మనకు మూడున్నర తడుతుంది. బహుశా మీకు జరిగింది ఇదే. బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడతారు. ఇలాంటివి ఇంకో రెండున్నాయి. 53ను వాళ్ళు ‘మూడూ యాభై’ అన్న వరసలో పలుకుతారు కాబట్టి ఫోను నంబర్లు, ఇంటి నంబర్లు తారుమారవుతాయి. అంకెలు ఒక్కొక్కటిగా చెప్పమని అడగాలి. ఇక పేరు. మనం ఇంగ్లీషు అలవాటుతో పేరును అక్షరాలుగా చెబుతాం. వాళ్ళ అక్షరమాలలో మొదటి అక్షరం ‘ఆ’, మన ‘ఏ’ వాళ్ళ చెవికి ఐదో అక్షరం. మన ‘ఈ’ వాళ్ళకు ‘ఐ’ అన్న అక్షరం. తెలుగు పేర్ల నిండా అకారాలే కదా, కంప్యూటర్లో పేరు ఇంకోటి పడుతుంది, మీరు వెళ్ళేసరికి ‘ఈ పేరు మీద అపాయింట్‌మెంటు లేదు’ అంటారు. ఇవి ఒకసారి ఎవరైనా చెబితే చాలు. హలో, డాంకెలతో ఆరేళ్ళు గడిపినవాళ్ళు చెప్పలేరు, వాళ్ళకీ తెలియదు.

కౌంటరు దగ్గరావిడ మాట మొరటు మాటే. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తల్లికి చెప్పాల్సిన పాఠం కాదది. ఆ మాట విని పౌరుషంతో భాష మొదలుపెట్టకండి, అవమానం మీద మొదలైన చదువు ఎక్కువ కాలం నిలవదు. అలాగని ఆ మాట మొరటుది కాబట్టి భాషే అక్కర్లేదని తేల్చడం కూడా సరికాదు.

ఇప్పుడు అసలు ముడి. మీ ఇంట్లో గొడవ జర్మన్ గురించి కాదు, ‘ఐదేళ్ళు’ అన్న మాట గురించి. ఉంటామా, వస్తామా అన్నది తేలకుండా భాష సంగతి తేల్చాలని చూస్తున్నారు. ఈ ఇబ్బంది ఆ దేశానికి బాగా పాతది. పడమటి జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని ఫ్యాక్టరీలకు మనుషుల్ని తెచ్చుకుంది. వాళ్ళకు పెట్టిన పేరే ‘అతిథి కార్మికులు’. నాలుగు డబ్బులు సంపాదించుకుని వెళ్ళిపోతాం అని వచ్చినవాళ్ళు అనుకున్నారు, వెళ్ళిపోతారులే అని పిలిచినవాళ్ళు అనుకున్నారు. అందుకని వీళ్ళు నేర్చుకోలేదు, వాళ్ళు నేర్పలేదు. 1973లో కొత్తవాళ్ళను తెచ్చుకోవడం ఆపేశారు. మళ్ళీ రానివ్వరేమోనన్న భయంతో ఉన్నవాళ్ళు చాలామంది ఉండిపోయి, భార్యాబిడ్డల్నీ అక్కడికే తెచ్చుకున్నారు. ప్రభుత్వం దేశమంతటికీ ఒక పద్ధతిలో భాషా తరగతులు పెట్టింది 2005లో, అంటే మొదటి ఒప్పందం జరిగిన యాభై ఏళ్ళకు. ఈ మధ్యకాలమంతా ఆ ఇళ్ళలో ఆస్పత్రికెళ్ళినా, ఆఫీసుకెళ్ళినా అమ్మానాన్నల తరఫున మాట్లాడింది బడిపిల్లలు. పదేళ్ళ పిల్ల తల్లి జబ్బు గురించి డాక్టరుకు చెప్పాల్సి రావడం ఏ ఇంటికీ మంచిది కాదు.

మీవారు వచ్చేస్తామంటే వచ్చేస్తారేమో. అది మీరిద్దరూ తేల్చుకునే విషయం. నా మాటల్లా ఏమిటంటే, ఎన్నేళ్ళుంటాం అన్న లెక్కతో భాషను కొలవకండి. పక్కన మనిషి లేకుండా మీరు ఒక్కరే ఏయే గుమ్మాలు ఎక్కాలి అన్న లెక్కతో కొలవండి. మీకు ఆ గుమ్మాలు రెండే: డాక్టరు, కీటా. ఐదేళ్ళున్నా, పదిహేనేళ్ళున్నా అవి తప్పవు.

మీవారి మాటలో నిజముంది, అది ఒప్పుకుని మాట్లాడితేనే పని జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో చాలాచోట్ల పని ఇంగ్లీషులోనే నడుస్తుంది. బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు వీసా కోసం భాష పరీక్ష అడగరు కూడా, మీరు పరీక్ష లేకుండా వెళ్ళగలిగింది అందుకే. వచ్చిన ఉత్తరాన్ని ఫోను కెమెరాతో తర్జుమా చేసుకోవచ్చు, ఈ రోజుల్లో అది బాగానే పనిచేస్తుంది. ఫోనులో గబగబా మాట్లాడే మనిషి దగ్గర, పదిమంది తల్లిదండ్రులు ఒకేసారి మాట్లాడుకునే కీటా మీటింగులో మాత్రం అది పనిచేయదు.

ఆయన గమనించని సంగతి ఒకటుంది, మీకు బాగా అక్కరకొస్తుంది. బ్లూ కార్డు మీద పనిచేసేవారికి శాశ్వత నివాస అనుమతి 27 నెలల ఉద్యోగానికే ఇస్తారు, ఎ1 స్థాయి జర్మన్ ఉంటే. దానికి రెండు మెట్లు పైనున్న బి1 ఉంటే 21 నెలలకే. పెన్షన్ చందా వంటి మిగతా షరతులు సరేసరి. ఆయన వెళ్ళి నాలుగేళ్ళయింది. ఇంకా తీసుకోలేదంటే అడ్డు ఆ ఎ1 ఒక్కటే కావచ్చు. ఎ1 అంటే అన్నిటికంటే కింది మెట్టు: పేరు, ఊరు, టైము, కొనుగోలు, చిన్న చిన్న వాక్యాలు. అది లేక ఆయన ఉద్యోగానికి కట్టుబడ్డ అనుమతి మీదే ఉన్నారు. రేపు కంపెనీ మనుషుల్ని తీసేస్తే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి చేతిలో ఉండేది కొద్ది నెలలు. భీమవరం ఇల్లు ఐదేళ్ళలో కట్టాలన్నా అన్నాళ్ళూ జీతం నిలకడగా రావాలి కదా. ‘నాకే అక్కర్లేదు’ అన్న మాట ఆయన విషయంలోనే చెల్లదన్నమాట. దీన్ని ఎత్తిపొడుపుగా వాడకండి. ‘ఇద్దరం కలిసి ఎ1 చేద్దాం, మీకు కాగితానికి, నాకు మాటకి’ అనండి చాలు.

ఇక మీ ముందున్న దారులు. అసలు నేర్చుకోకపోవడం ఒకటి. ఖర్చు లేదు, గొడవ లేదు. కీటాలో మాట్లాడేదీ, డాక్టరుకు ఫోను చేసేదీ ఆయనే అవుతారు. ఆఫీసు వేళల్లో వచ్చే ప్రతి ఫోనూ ఆయన నెత్తిన పడుతుంది, ఏడాది తిరిగేసరికి ‘అన్నీ నేనే చూడాలా’ అన్న విసుగు మొదలవుతుంది. ఇంగ్లీషు మెరుగుపరచుకోవడం రెండోది, ఆయన చెప్పింది. చెడ్డ సలహా కాదు. రేపు ఏ దేశమైనా పనికొస్తుంది, పెద్ద నగరాల్లో కుర్రకారుతో, చదువుకున్న డాక్టర్లతో నడుస్తుంది. కీటాలో పాపను చూసుకునే టీచరుతో, కౌంటరు దగ్గరావిడతో, పక్కింటి ముసలావిడతో నడవకపోవచ్చు. మీ రోజు గడిచేది ఎక్కువగా వీళ్ళతోనే. మూడోది ఇక్కడే ఎ1 పూర్తి చేసుకుని వెళ్ళడం. నాలుగోది అక్కడికి వెళ్ళాక ప్రభుత్వ తరగతుల్లో బి1 దాకా పోవడం. మీరు అక్కడ ఉద్యోగం చేయాలనుకుంటే నాలుగోది తప్పదు. చట్టప్రకారం మీకు పనిచేసే హక్కు ఇప్పటికే ఉంది, లేనిది భాషే. ఐదేళ్ళకు తిరిగొచ్చేస్తే బి1 వాడకం లేక చాలావరకు మరుపున పడుతుంది, ఆ మాట దాచను. నేను మూడోదానివైపే మొగ్గుతాను, నాలుగోది అక్కడికెళ్ళి ఆరు నెలలు చూశాక తేల్చుకోవచ్చు.

నాలుగు నెలల్లో ఎంత వస్తుంది? ప్రభుత్వ తరగతుల్లో ఎ1, ఎ2, బి1 ఒక్కో స్థాయికి 200 పాఠాల చొప్పున పెట్టారు, పాఠం 45 నిమిషాలు. మీకున్నవి సుమారు 16 వారాలు. రోజుకు రెండు పాఠాలు, వారానికి ఆరు రోజులు చేస్తే 192. అంటే దాదాపు ఎ1. ఎ2 దాకా పరుగెత్తకండి. నర్సుల కోసం ‘ఆరు నెలల్లో బి2’ అని బోర్డులు పెట్టే కోచింగులు మీకు పనికిరావు. అక్కడ నర్సుగా గుర్తింపుకు బి2 అడుగుతారు కాబట్టి వాళ్ళు పగలూ రాత్రీ రుద్దుతారు. మీకు నాన్నగారి సేవ, పాప ఉన్నారు. మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు ఒకటి, రాత్రి ఒకటి. వారంలో రెండు మూడు రోజులు ఆన్‌లైన్‌లో మనిషి చెప్పే తరగతి ఉండాలి, మిగతా రోజులు డాయిచ్ వెలే అనే జర్మన్ ప్రసార సంస్థ ఉచితంగా ఇచ్చే పాఠాలు సరిపోతాయి, బి1 దాకా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు టీచరును మూడు అడగండి: బ్యాచిలో ఎంతమంది, గంటలో నాకు మాట్లాడే వంతు ఎన్నిసార్లు వస్తుంది, సందేహం తెలుగులో అడగొచ్చా. ఇరవై దాటిన బ్యాచి వద్దు. మీకు కాగితం అవసరం లేదు కాబట్టి హైదరాబాదులో గోథే సెంట్రమ్ అనే జర్మన్ భాషా కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయనక్కర్లేదు. వాళ్ళ నమూనా ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి, డిసెంబరు నెలాఖరున ఇంట్లో ఒకటి రాసి చూసుకోండి. నూటికి 60 వస్తే ఎ1 వచ్చినట్టే.

‘ఇంగ్లీషే రాదు, జర్మన్ ఏం వస్తుంది’ అన్న మాట నమ్మకండి. జర్మన్‌కు ఇంగ్లీషు వాకిలి మీదుగానే వెళ్ళాలని లేదు. ఇంగ్లీషులో మీ గొంతు నొక్కింది రాసేదొకటి పలికేదొకటి అన్న గందరగోళం. జర్మన్‌లో అది చాలా తక్కువ. నియమాలు పది పదిహేను ఉంటాయి, అవి వస్తే తెలియని మాటైనా చదివేస్తారు. ‘ఈ’ అక్షరం ముందు, ‘ఐ’ వెనక ఉంటే ‘ఐ’ అని పలకాలి, తిరగేస్తే ‘ఈ’. డబ్ల్యూను ‘వ’ అనాలి, ‘వీ’ అక్షరాన్ని చాలా మాటల్లో ‘ఫ’ అనాలి. జెడ్‌ను చూసి ‘జ’ అనకండి. చాప, చుక్క, చలి అనేటప్పుడు మన నోట వచ్చే ఆ చకారమే అది, ఇంగ్లీషు మీడియం పిల్లలకంటే మీకు తేలిగ్గా పలుకుతుంది. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు పుట్టుకతో వచ్చింది. మనకు లేని అచ్చులు ముఖ్యంగా రెండు: పెదాలు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అంటే ఒకటి, పెదాలు ‘ఓ’ అన్నట్టు పెట్టి లోపల ‘ఏ’ అంటే రెండోది. అద్దం ముందు వారం రోజులు చేస్తే వస్తాయి.

వ్యాకరణంలో అందరూ భయపడే చోటు విభక్తులు. బడిలో ‘డుమువులు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా’ అని వల్లించిన మీకు వాటి పని కొత్త కాదు. ‘పాపను’ అనడానికీ ‘పాపకు’ అనడానికీ తేడా మీ నాలుక మీదే ఉంది. మనం మాట చివర ప్రత్యయం తగిలిస్తాం, వాళ్ళు మాట ముందుండే చిన్న పదాన్ని మారుస్తారు. ‘నేను రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి’ లాంటి వాక్యాల్లో ‘వెళ్ళడం’ అన్న క్రియ జర్మన్‌లోనూ చివరికే పోతుంది. ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టిన వాక్యంలోనూ అంతే. ఇంగ్లీషు అలవాటైనవాళ్ళు గింజుకునే చోట మీకు సొంత ఇంట్లో నడిచినట్టుంటుంది. మీరు గింజుకునేది లింగాల దగ్గర. ప్రతి నామవాచకానికీ మూడింట్లో ఒక లింగం, కారణం అడగకూడదు. అమ్మాయి అన్న మాటే నపుంసకలింగం! (‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది’ అనే మనకు నవ్వే హక్కు లేదనుకోండి.) మాటను ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకండి, దాని ముందుండే చిన్న పదంతో కలిపే రాసుకోండి. మొదటి నెలలో ఇది బద్ధకించినవాళ్ళు ఎ2లో చతికిలపడి మానేస్తారు.

ఒడిశా ఆవిడ విషయం. ఆవిడకు ఎందుకు వచ్చింది, మీకు ఎందుకు రాలేదు అంటే, ఆవిడతో కొట్లో ఎవరూ ఇంకో భాషలో మాట్లాడరు. తప్పు మాట్లాడినా ఉప్పు ఇస్తారు, పప్పు ఇస్తారు, సరిచేసి మరీ ఇస్తారు. మీకు ఎదురైంది దీనికి తలకిందులు: మీరు తడబడగానే వాళ్ళు మర్యాదకో, తొందరకో ఇంగ్లీషులోకి మారిపోతారు, ఆ ఇంగ్లీషుకు మీరు ఇంకా బిగుసుకుపోతారు. అలా మారినప్పుడు చెప్పడానికి ఒక వాక్యం నోటికి పట్టించుకోండి: ‘బిటె డాయిచ్, ఇష్ లెర్నె నోఖ్’. దయచేసి జర్మన్‌లోనే, ఇంకా నేర్చుకుంటున్నాను అని. ‘బిటె లాంగ్‌జామ్’ అంటే నెమ్మదిగా అని. ఎక్కువమంది మొహం విప్పారుతుంది. మారనివాళ్ళూ ఉంటారు, వాళ్ళ దగ్గర పట్టుదల వద్దు. ఉన్న నాలుగు నెలల్లో ఆవిడను కూర్చోబెట్టి అడగండి, మొదట్లో ఎవరు నవ్వారు, ఎవరు ఓపిగ్గా విన్నారు అని. చెరువుల మీదా, రొయ్యల ఫ్యాక్టరీల్లోనూ పనికొచ్చినవాళ్ళతో మన డెల్టావాళ్ళం ఎలా ఉంటున్నామో కూడా ఆ జవాబుల్లో తెలుస్తుంది. అందరం గొప్పగా ఏం లేము.

ఇంకో చిక్కు చెప్పాలి. మీరుండేది దక్షిణాన. పాఠంలో విన్నదీ పక్కింట్లో వినేదీ ఒకటి కాదు. ‘కాదు’ అనడానికి పాఠంలో ‘నిష్ట్’ అని నేర్పితే వీధిలో ‘నెట్’ అని వినబడుతుంది, నమస్కారం చెప్పడానికి ‘గ్రూస్ గోట్’ అంటారు. వార్తలు చదివే తెలుగు నేర్చుకుని వచ్చినవాడికి మన ‘ఆయ్’, ‘ఏవండోయ్’ వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నేను నేర్చుకున్నది తప్పేమో అని బెంగపడకండి, వాళ్ళకు మీ పాఠం భాష బాగానే అర్థమవుతుంది.

వెళ్ళాక మొదటి నెల తరగతుల జోలికి పోవద్దు. కీటాలో పిల్లల్ని అలవాటు చేసే పద్ధతి ఒకటుంది: రెండు నుంచి నాలుగు వారాలు తల్లో తండ్రో పక్క గదిలోనో, మూలనో కూర్చోవాలి, రోజురోజుకీ కొంచెం కొంచెం దూరం జరగాలి. అదీ తరగతులూ ఒకే నెలలో పెట్టుకుంటే రెండూ చెడతాయి. పైగా మొదటి చలికాలం పిల్లలు వరసగా జలుబులు తెచ్చుకుంటారు, మీ హాజరు పోతుంది. ఆ మూలన కూర్చునే వారాలే మీకు మంచి బడి. టీచర్లు పిల్లలతో చిన్న వాక్యాలు, రోజూ అవే వాక్యాలు మాట్లాడతారు. ముందే ఒక నలభై కీటా మాటలు పట్టుకుని వెళ్ళండి: బురద ప్యాంటు, రబ్బరు బూట్లు, మార్చే బట్టలు, టోపీ, జ్వరం, పేలు, విరేచనాలు, ఎవరు తీసుకెళ్తారు, ఎన్నింటికి. గోడ మీద అంటించే కాగితాల్లో సగం వీటి గురించే. జ్వరం తగ్గి ఎంతసేపయ్యాక తీసుకురావచ్చో చేరిన రోజే అడిగేయండి, ఆ నిబంధన దగ్గర చాలామంది మాట పడతారు. సాధారణ జబ్బుకు రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117, ప్రాణం మీదికి వస్తే 112.

పాప తెలుగు. ఇంట్లో మీరు పాపతో జర్మన్ మాట్లాడకండి, మీకు బాగా వచ్చాక కూడా. మీ తడబాటు జర్మన్ దానికి అక్కర్లేదు, కీటాలో అసలైనది దొరుకుతుంది. మీ దగ్గర అది నేర్చుకోవాల్సింది వాదించడం, అలగడం, కథ చెప్పడం. అవి మీకు తెలుగులోనే పూర్తిగా వచ్చు. కీటాలో మొదటి కొన్ని వారాలు, కొందరు పిల్లలు కొన్ని నెలలు కూడా, అసలు నోరు విప్పరు. వింటూ ఉంటారు, కంగారు పడకండి. మూడేళ్ళు నిండే ముందు, 34 నుంచి 36 నెలల మధ్య, అక్కడ పిల్లలకు ఒక తప్పనిసరి వైద్య పరీక్ష ఉంటుంది, డాక్టరు మాటల ఎదుగుదల కూడా చూస్తారు. మీరు వెళ్ళిన నాలుగైదు నెలలకే అది వస్తుంది. పాప జర్మన్‌లో మాట్లాడకపోతే ‘మాటలు ఆలస్యం’ అని రాసేసే ప్రమాదముంది. అందుకని తెలుగులో ఎన్ని మాటల వాక్యాలు చెబుతోంది, రెండు పనులు ఒకేసారి చెబితే చేస్తోందా అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

వసిష్ఠ, గౌతమి దాటితే యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన, తెలుగు ఇళ్ళ పిల్లలు ఫ్రెంచి చదివారు, ఇంట్లో తెలుగు చెక్కుచెదరలేదు. ఈ ఉదాహరణ మీకు సగమే పనికొస్తుంది. అక్కడ గుమ్మం దాటితే ఊరంతా తెలుగే. మీకు గుమ్మం దాటితే తెలుగు లేదు. కీటాలో చేరిన రెండేళ్ళకు పాప మీ ప్రశ్నకు జర్మన్‌లో జవాబివ్వడం మొదలుపెడుతుంది, చాలా ఇళ్ళలో తెలుగు జారిపోయేది సరిగ్గా అక్కడే. తిట్టొద్దు, ‘తెలుగులో చెప్పు’ అని పరీక్ష పెట్టొద్దు. అది అన్నదాన్నే మీరు తెలుగులో తిరిగి అని మాట కొనసాగించండి. మీరూ మీవారూ మధ్యలో ఇంగ్లీషుకు మారకపోవడం అన్నిటికంటే ముఖ్యం.

అత్తగారికి పని అప్పజెప్పడం కూడా ఇక్కడే కుదురుతుంది. ‘చదువులేంటి’ అన్న మాట వెనక మనవరాలు చేజారిపోతుందేమోనన్న బెంగ ఉండి ఉంటుంది. వీడియో కాల్‌లో ‘ఏం తిన్నావు’ దగ్గరే ఆగిపోయే మాటలకు బదులు రోజుకో కథ చెప్పమనండి, అరగంట. మీరు అక్కడ జర్మన్ పుస్తకం తెరిచే అరగంట అదే. నేరుగా వాదన పెట్టుకోనక్కర్లేదు.

మీవారి మాట కాదన్నట్టా అని అడిగారు. కాదు. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, ఎవరు ఏ పని చేయాలన్న లెక్క వేస్తున్నట్టు మాట్లాడండి. ‘కీటా మీటింగుకు ఎవరు వెళ్ళాలి? పగలు వాళ్ళు ఫోను చేస్తే ఎవరు తీయాలి? మీరే అయితే సరే, నేనైతే నాకు ఈ నాలుగు నెలలు రోజుకు గంటన్నర కావాలి.’ ఖర్చు దగ్గర అడ్డం పడితే ఉచిత పాఠాలతో మొదలుపెట్టండి, ఎ1కి అవి చాలా దూరం తీసుకెళ్తాయి. మీ ఉత్తరంలో ఉన్నది అలవాటైన నిర్లక్ష్యం తప్ప దురుద్దేశం కాదనిపిస్తోంది. ఒకవేళ మీరు ఎవరితోనూ మాట్లాడకూడదు, డబ్బు మీ చేతిలో ఉండకూడదు అన్నదాకా ఉంటే అది భాష గొడవ కాదు. అప్పుడు అక్కడ ఆడవాళ్ళ సహాయానికి 116016 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. ఉచితం, జర్మన్ రాకపోయినా పలు భాషల్లో మాట్లాడతారు.

చివరగా కాగితం పని, దీన్ని సంక్రాంతి దాకా ఆపకండి. ప్రభుత్వ భాషా తరగతులకు (600 భాషా పాఠాలు, ఆ దేశపు చట్టం, చరిత్రల మీద ఇంకో 100) కుటుంబంతో చేరడానికి వెళ్ళినవారికి హక్కు ఉంటుంది, కానీ నివాస అనుమతి ఇచ్చిన రోజు నుంచి ఏడాదిలోపే. మీ లెక్కన అది దాటిపోయి ఉండొచ్చు. మీ చేతిలో లేని కారణం వల్ల నమోదు కాలేకపోతే ఆ గడువు వర్తించదని చట్టంలో ఉంది. పసిబిడ్డను చూసుకునే దిక్కు లేకపోవడం ఆ కింద వస్తుందా అన్నది అధికారి తేల్చాలి. హక్కు పోయినా, ఖాళీలనూ ఆ ఏటి నిధులనూ బట్టి చేర్చుకోవడమూ ఉంది, ఈ నిబంధనలు తరచు మారుతున్నాయి. చేర్చుకుంటే ఒక్కో పాఠానికి మీరు కట్టేది రెండు యూరోల పైచిలుకు, మొత్తం 1600 యూరోల దగ్గర తేలుతుంది. ముందు స్థాయి పరీక్ష పెడతారు. ఇక్కడ ఎ1 గట్టిగా చేసుకుని వెళ్తే మొదటి 200 పాఠాలు వదిలేసి ఆ తర్వాతి భాగంలో కూర్చోబెడతారు, 450 యూరోలకు పైగా మిగులుతాయి. ఖర్చు గురించి అడిగే మీవారికి ఈ లెక్క చూపించండి. ఈ వారమే మీ నివాస కార్డు మీద తేదీ చూసి, ఆయన చేత అక్కడి విదేశీయుల కార్యాలయానికి ఒక మెయిల్ రాయించండి, జర్మన్‌లో. తర్జుమా యాప్‌తో రాసినా ఫర్వాలేదు.